గాలికి అడ్డం వేసిన టేపు

రాత్రంతా చలిలో చక్కెర దుంపల గుట్ట పక్కన నిలబడి పార పట్టిన మనిషికి పొద్దున్నే కావలసింది పడక. ఫ్రిజ్‌తో కుస్తీ కాదు. కానీ నోరీన్ నుదుట ఆ రోజు ఫ్రిజ్జే రాసిపెట్టి ఉంది.

అసలే ఒళ్లు హూనమయ్యే దుంపల కోత. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ట్రక్కు వెనక లాక్కొచ్చి వాళ్లు కాపురముంటున్న ట్రెయిలర్‌లో పాత ఫ్రిజ్ చచ్చి ఊరుకుంది. మామూలుగా అయితే పాలూ వెన్నా పోతే పోయాయనుకునేది. కానీ ఆమె మొగుడు వెర్లిన్‌కు షుగరు. ఈ కోత అయ్యేదాకా సరిపోవలసిన ఇన్సులిన్ సీసాలన్నీ ఐస్ పెట్టెలో ఉన్నాయి, ఐస్ చూస్తే నీళ్లవుతోంది. అవి పాడైతే మళ్లీ తెచ్చుకోవడానికి వాళ్ల డాక్టరు ఉన్నది ఇక్కడ నార్త్ డకోటాలో కాదు, ఎక్కడో మిస్సోరీలో. ఇక వాళ్ల బండి ఆగిన పొలంలో కరెంటు లేదు. అందుకని పాత సామాన్ల కొట్టులో వెతికి వెతికి గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఒకటి పట్టుకొచ్చింది.

పక్క ట్రెయిలర్‌లో ఉండే డ్వైట్ ఒక చెయ్యి వేస్తే దాన్ని గూట్లోకి తోశారు. నోరీన్ దాని మీద రసమట్టం పెట్టి, చక్రాల కింద చెక్కలు మార్చి, బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేసింది. ఒరిగి ఉంటే ఇలాంటి ఫ్రిజ్ చల్లబడదు సరికదా, చెడిపోతుంది కూడా. మంట వెనకవైపు మండుతుంది కాబట్టి ఆ పొగ ఇంట్లోకి రాకుండా చుట్టూ సందులు మూసింది. పైపు వచ్చే చోట వేలు దూరేంత కంత ఒకటి మిగిలిపోయింది. చేతిలో ఉన్న, సందులు పూడ్చే జిగురు ట్యూబు అయిపోయింది. కొత్తది ట్రక్కులో ఉంది. ట్రక్కు పది అడుగుల దూరంలో ఉంది. 'లేచాక చూద్దాంలే' అనుకుంది. అలసట అంటే అదే మరి, పది అడుగులు పది మైళ్లయి కూర్చుంటాయి.

గ్యాస్ బండ మీట తిప్పి, బిగింపుల మీద సబ్బు నురుగు రాసి చూసింది. ఎక్కడా బుడగ లేవలేదు. బయట మోకాళ్ల మీద కూర్చుని, ఫ్రిజ్ వెనక గోడకు గాలి కోసం పెట్టిన రెండు జాలీల్లో కింది దాని మూత తీసి, మీట నొక్కిపట్టి ముట్టించింది. నీలం మంట నిలిచింది. "హమ్మయ్య" అని లేచేలోపే గాలి కొట్టింది, మంట ఆరింది. మళ్లీ ముట్టించింది. మళ్లీ ఆరింది.

"ఏం తల్లీ, ఎందుకా తిప్పలు?" అన్నాడు డ్వైట్. "ఆ జాలీల మీద టేపు కొట్టెయ్. ఈ పొలంలో గాలి ఇంతే. నా బండికి ఎప్పుడూ టేపే. చూడు, చచ్చానా?"

"నీ బండి కిటికీలు మూతపడక ఎన్నేళ్లయింది డ్వైట్? పొగంతా అటే పోతోంది కాబట్టి బతికున్నావ్. మంటకి గాలి ఆడకపోతే విషం కక్కుతుంది."

"నీ ఇష్టం. ముట్టిస్తూ కూర్చో అలాగే!" అని నవ్వుకుంటూ అతను పడకెయ్యడానికి పోయాడు.

ఆ తర్వాత ఎలాగో మంట నిలిచింది. నోరీన్ గోడ పట్టుకుని లోపలికి వచ్చేసరికి వెర్లిన్ పొగకూ విషవాయువుకూ కూడా అరిచే అలారం కిందికి స్టూలు లాగుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"బ్యాటరీ తీస్తున్నా. బేకన్ వేయిస్తే చాలు, పీక పిసికినట్టు అరుస్తుంది. నువ్వు కాస్త కునుకు తియ్యాలి కదా."

"దాని జోలికెళ్లావంటే చేతులు విరిచేస్తా. బేకన్ మానెయ్."

నోరీన్ బూట్లు కూడా విప్పకుండా పడక మీద పడిపోయింది.

ఎంతసేపయిందో ఏమో, అలారం అరుస్తోంది. నోరీన్ ముందు దాన్ని కలలోనే తిట్టింది. కళ్లు తెరిస్తే తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. బేకన్ వాసన లేదు. అప్పుడు అర్థమైంది. గోడలు పట్టుకుని, తలుపు తోసి, మెట్ల మీంచి దాదాపు దొర్లింది.

వెర్లిన్ బయట కుర్చీలో, కంబళి కప్పుకుని, ఫ్రిజ్ జాలీల పక్కనే కాపలా కూర్చున్నాడు.

"నేనేం వేయించలేదే!" అంటూ లేచాడు.

జాలీల మీద, పైనా కిందా, వెడల్పాటి బూడిదరంగు టేపు నీటుగా అతికించి ఉంది. నోరీన్ ముందు బండ కట్టేసింది. తర్వాత ఆ టేపును గోళ్లతో చీరేసింది.

"మళ్లీ ఆరిపోయింది నోరీన్," అన్నాడు మెల్లగా. "నిన్ను లేపబుద్ధి కాలేదు. నేనే ముట్టించి, ఆరకుండా టేపు వేశా. నువ్వు హాయిగా నిద్రపోతావని..."

"నిద్రపోయేదాన్నే వెర్లిన్. ఇక లేచే పని లేకుండా."

అతను కుర్చీలో కూలబడ్డాడు. తిట్టడానికి ఆమెకు ఓపిక లేదు. తిట్టాలనీ లేదు. విషం లోపలికి వచ్చింది ట్యూబు తేకుండా తను వదిలేసిన ఆ కంతలోంచే.

తలుపులూ కిటికీలూ బార్లా తెరిచారు. ఆమె తల తిరుగుడు తగ్గేదాకా గడ్డిలో కూర్చున్నారు. గాలికి అడ్డం వేయాల్సింది టేపు కాదు, బండినే. ఆ సంగతి పొద్దునే తెలుసు, కానీ ఎవరికుంది ఓపిక? ఇప్పుడు వెర్లిన్ ట్రక్కు తగిలించి, ఫ్రిజ్ ఉన్న వైపు గాలికి చాటయ్యేలా ట్రెయిలర్‌ను తిప్పాడు. మళ్లీ చెక్కలు, మళ్లీ రసమట్టం. ట్యూబు తెచ్చి కంత మూసి, మంట ముట్టించారు. ఈసారి అది కదలకుండా నిలిచింది. వెర్లిన్ డ్వైట్‌ను లేపి, ఐస్ ముక్కలు అడిగి తెచ్చి పెట్టెలో పోశాడు. ఫ్రిజ్ చల్లబడేదాకా సీసాలకు ఆ ఐస్ చాలు.

"నువ్వు పడుకో, నేను బయటుండి మంట చూస్తా," అన్నాడు.

"బయటెందుకు? లోపలికొచ్చి పడుకో. అది అరిస్తే ఇద్దరం కలిసే విందాం."

వచ్చి పక్కన ఒదిగాడు. ఆమెకు అప్పుడే కళ్లు మూతపడ్డాయి.

"నోరీన్?"

"ఊఁ."

కాసేపాగి మళ్లీ. "నోరీన్?"

"ఉన్నానయ్యా, పడుకో."

ఆమెను కాస్త నిద్రపోనివ్వాలని అంత పనీ చేసిన మనిషి, ఆ రోజు సాయంత్రం మళ్లీ పనికి లేచేదాకా ఆమెను నిద్రపోనివ్వలేదు. పిలిచిన ప్రతిసారీ నోరీన్ విసుక్కోకుండా పలికింది.