అడుగున వేసిన అతుకు

పడవ ట్రాలీ ఆటోలో బోర్లా పడుకుని వచ్చింది. ముక్కు బయటికి పొడుచుకొచ్చి, దాని కొసకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. మందుల కంపెనీ లారీల మధ్య నుంచి అది నాచారం సందులోకి తిరుగుతుంటే టీ బండి దగ్గరి వాళ్లు లేచి నిలబడి చూశారు.

షెడ్డు యజమాని ఉమాశంకర్ గేటు దగ్గరే నవ్వాడు. "ఏం హనుమన్నా, నాచారంల సముద్రం ఎప్పుడొచ్చిందే?"

హనుమాండ్లు ట్రాలీ తాళ్లు విప్పసాగాడు. ఆ షెడ్డులో ఫైబర్ తలుపులు, నీళ్ల ట్యాంకులు చేసీ చేసీ అతని చేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. పడవను మాత్రం ఎన్నడూ పనికి పట్టలేదు. ఇది అక్క దుర్గమ్మ పడవ. ఆమె పోయిన వానాకాలంలో దవాఖానాలో కన్నుమూసింది. అప్పటి నుంచి పడవ ఉప్పల్ చెరువు గట్టున ఎండకు ఎండుతూ, వానకు నానుతూ పడి ఉంది.

బావ బిక్షపతి డ్రైవరు పక్క నుంచి దిగాడు. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు వదులైపోయి ఉంది.

"బామ్మర్ది, కొత్తదాని లెక్క జెయ్యాలె. సూసినోడు పాతదనొద్దు."

"సుక్క నీళ్లు సొర్రకుండ జేస్త బావా. ఫికర్ జెయ్యకు."

బిక్షపతి ట్రాలీ పక్కకు వచ్చాడు. పడవ ముక్కు మీద అరచెయ్యి ఆనించి, "మెరవాలె," అన్నాడు. అంతే.

హనుమాండ్లుకు ప్రాణం లేచొచ్చింది. బావ మళ్లీ చెరువులో దిగుతాడన్నమాట. ఆ పడవ ఒక్కరితో నడిచేది కాదు. ముందు నిలబడి వల విసిరేవాళ్లొకరు, వెనక చెక్క మీద కూర్చుని తెడ్డు పట్టేవాళ్లొకరు ఉండాలి. బిక్షపతికి వల తప్ప తెడ్డు రాదు. పెళ్లయిన నాటి నుంచీ తెడ్డు దుర్గమ్మదే. మొగుణ్ణి తిట్టకుండా ఆమె ఒక్క తెడ్డూ వేసేది కాదు. "ఆడ గాదయ్యా, గీడ ఇసురు! చేపలేమన్న నీ అక్కచెల్లెండ్లా, పిలువంగనే రానీకి?" అని అరిస్తే గట్టు మీద బట్టలు ఉతికేవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

ఆదివారాలు ఆ చెక్క మీద తాను కూర్చోవాలని హనుమాండ్లు అనుకున్నాడు. పైకి అనలేదు. అతనికి చెప్పే అలవాటు తక్కువ.

ముందు స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంది. పొర ఊడినచోట ఎండిన సొరకాయ మీద కొట్టినట్టు బోలుగా పలికింది. అక్కడల్లా సుద్దతో సున్న చుట్టాడు. పాత రంగు తీస్తే కింద పొక్కులు. గిల్లితే పుల్లటి వాసనతో నీళ్లు కారాయి. ఆ తడి ఆరేదాకా కొత్త పూత పట్టదని ఎండలో వదిలేశాడు. పొద్దున రాగానే పడవ మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే ట్యాంకుల పనిలోకి వెళ్లేవాడు.

వెనక చెక్కకు సరిగ్గా కింద అరచెయ్యంత అతుకు కనిపించింది. గ్రైండరు ఆనించగానే తెల్లపొడి లేవాల్సినచోట ఆకుపచ్చ పొడి లేచింది. మిషను ఆపి, తుడిచి చూశాడు.

రెసిన్ జిగురులో ముంచిన చీర గుడ్డ. ఆకుపచ్చ మీద సన్నని జరీ అంచు. ఒక బతుకమ్మకు తాను అక్కకు పెట్టిన చీర.

అప్పుడెప్పుడో, నిమజ్జనం తర్వాత నీళ్లలో మిగిలిపోయిన విగ్రహపు ఇనుప చువ్వ ఒకటి పడవను పొడిచింది. అక్క ఫోన్ చేస్తే సీసాలో రెసిన్, చిన్న డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డనర్ పంపాడు. అతుక్కి వేసే గాజుపీచు మ్యాట్ ఆదివారం తెస్తానన్నాడు. తీసుకుని వెళ్లేసరికి పడవ చెరువు నడిమధ్యన ఉంది. గట్టుకు వచ్చాక అడిగాడు.

"దేంతోటి అతికినవ్ అక్కా?"

"నీకెందుకురా? నీ మ్యాటు వొచ్చేదాంక చేపలు ఆగుతయా?" అని నవ్వింది. అప్పటికే పైన నీలం రంగు కూడా వేసేసింది.

గుడ్డ రెసిన్ తాగుతుంది గాని గాజుపీచులా పట్టు నిలవదు. దాన్ని తీయాల్సిందే. హనుమాండ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని మళ్లీ మిషను పట్టాడు. ఆకుపచ్చ పొడి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతుల మీద పడింది. ఫైబర్ పొడికి ఒళ్లంతా దురద లేస్తుంది గనుక రోజూ పని కాగానే కొబ్బరినూనె రుద్దుకుని కడుక్కునేవాడు. ఆ రోజు నల్లా దగ్గరికి వెళ్లి, నీళ్లు తిప్పకుండా నిలబడ్డాడు.

"కండ్లు గంత ఎర్రగైనయేందే?" అన్నాడు ఉమాశంకర్.

"పొడి."

"పొడైతె కడుక్కో మరి. సూసుకుంట నిలవడితె పోతదా?"

వేలెడంత అంచు ముక్క ఒకటి చెడకుండా ఊడి వచ్చింది. హనుమాండ్లు బొక్క చుట్టూ పల్చగా చెక్కాడు. మ్యాట్ పరిచి, రెసిన్ పూసి, రోలరుతో గాలి బుడగలను వెళ్లగొట్టాడు. రెండో పొర వేసే ముందు ఆ ముక్కను మధ్యలో పెట్టాడు. గుడ్డ పెట్టకూడదు. ఇంకెవరైనా పెట్టి ఉంటే తిట్టేవాడు. రెసిన్ తగలగానే అంచు కొత్త చీరలా తడి ఆకుపచ్చగా మెరిసింది. దాని మీద పొర మీద పొర వేశాడు. పుట్టీ పట్టించి, నీళ్లు చల్లుకుంటూ ఎమరీ పేపరుతో అరగదీశాడు. చివరికి తెల్లటి పూత వేసి, పక్కల వెంట అక్కకు నచ్చిన నీలం గీత గీశాడు.

ట్యాంకులకు చేసినట్టే పడవ నిండా నీళ్లు పోసి, అడుగంతా చేత్తో తడిమాడు. పొడిగా ఉంది. ఆ సాయంత్రం ఉప్పల్‌లో వడ్రంగి దగ్గర తెడ్డు ఒకటి చేయించాడు.

బిక్షపతి వచ్చి పడవ చుట్టూ తిరిగాడు. "మస్తు జేసినవ్ బామ్మర్ది. ముఖం గనబడ్తుంది."

హనుమాండ్లు గోడవార నుంచి తెడ్డు తీశాడు. "ఆదివారం నేనొస్త బావా. ఎనక నేను కూసుంట."

బిక్షపతి తెడ్డు వైపు చూశాడు. దాన్ని అందుకోలేదు.

"చెరువుకు గాదు," అన్నాడు. "నారపల్లికి. నేను వాచ్‌మన్ జేస్తున్న ప్లాట్ల వెంచర్ ఉంది గద, గేటు కాడ పెడ్తరు. మట్టి నింపి పూల చెట్లు ఏస్తరు. వెంచర్ సారును నేనే అడిగిన."

"పడవల మట్టా?" షెడ్డులో అందరూ తల తిప్పేంత గట్టిగా అన్నాడు హనుమాండ్లు. "మా అక్క నడిపిన పడవల మట్టి బోస్తవా? మనసెట్లొచ్చింది బావా నీకు?"

"తిట్టు. మీ అక్క గూడ తిడ్తుండె." బిక్షపతి పడవ అంచు పట్టుకున్నాడు. "దినాలైనంక ఒక్కసారి దిగిన. ఎట్లనో నూక్కుంట వోయి వల ఇసిరిన. ఎనకకు మల్లి సూస్తె చెక్క ఖాళీ. తిట్టేటోళ్లు లేరు. వల గుంజ బుద్ధి గాలె, ఆడ్నే ఇడిసిపెట్టిన. ఆమె కూసున్న జాగ ఖాళీగ సూడలేను హనుమాండ్లూ. మట్టి నింపుతె ఖాళీ ఉండదు. బంతో చేమంతో ఏదో ఒకటి మొలుస్తది. గేటు కాడ నా కుర్చీ. పొద్దంత కండ్ల ముందట ఉంటది."

"ముందుగాల్నే చెప్పక పోతివి."

"చెప్తె నువ్వు జెయ్యవు."

చేసేవాడో లేదో హనుమాండ్లుకే తెలియలేదు. తెడ్డును మళ్లీ గోడకు ఆనించాడు.

"ఇంకోటి," అన్నాడు బిక్షపతి మెల్లగా. "అడుగున బొక్క ఎయ్యాలంట. లేకుంటె నీళ్లు నిలిచి ఏర్లు మురుగుతయని తోటమాలి చెప్పిండు."

"ఏడ?"

"నీళ్లు ఏడ ఆగుతె ఆడ."

హనుమాండ్లుకు అది ఎక్కడో తెలుసు. అయినా ఒక మగ్గు నీళ్లు తెచ్చి పడవ ముక్కు దగ్గర పోశాడు. నీళ్లు నున్నటి కొత్త పూత మీద జారుకుంటూ వచ్చి వెనక చెక్క కింద మడుగు కట్టాయి. ఇద్దరూ చూశారు. ఒక్క చుక్క కూడా ఇంకో వైపు పోలేదు.

గుడ్డతో అద్ది, డ్రిల్లు తెచ్చాడు. అక్కడ బొక్క వేయాలంటే ఆ చెక్క మీదే కూర్చోవాలి. ఎక్కి కూర్చున్నాడు. పాదాల మధ్యకు వంగి మిషను నొక్కాడు. తెల్లటి పొడి సుడి తిరిగింది. కాసేపటికి డ్రిల్లు దేన్నో పట్టుకున్నట్టు గుంజింది, మళ్లీ తిరిగింది, కిందికి దిగిపోయింది. పైకి తీస్తే కొసకు ఆకుపచ్చ పోగు చుట్టుకుని ఉంది.

"గదేంది, ఆకుపచ్చగ?"

"పాత రంగు," అన్నాడు హనుమాండ్లు. దాన్ని పిడికిట్లో మూసుకున్నాడు.

బిక్షపతి మగ్గులో మిగిలిన నీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని పడవ కిందికి చూశాడు. నీళ్లు సన్నటి ధారగా షెడ్డు నేల మీద పడుతున్నాయి.

"పోతున్నయ్," అన్నాడు. "దిగు బామ్మర్ది, ట్రాలీ వొచ్చింది."

హనుమాండ్లు చెక్క మీది నుంచి లేవలేదు.