పైకప్పు మీద మూడు తట్లు

కర్టిస్ స్టాలర్డ్ మొదటి రేసు కారు నా పాత ఇనుము యార్డులోనే పుట్టింది. తలుపులు ఒక కారువి, ఇంజను ఇంకోదానిది. దాంతోనే కింది తరగతి రేసులు గెలిచాడు, తర్వాత దాని పై తరగతివి. సామాను నాది, బదులుగా బానెట్ మీద ‘హ్యాగర్ పాత కార్లు’ అని పెద్ద అక్షరాలతో నా పేరు. దానం కాదు, బేరం. వాడు ముందుంటే జనం నన్ను చదువుతారు.

ఆ శనివారం బేరం పెద్దది. ప్రాంతీయ పోటీల్లో కార్లు దింపే ఓక్లీ మేడమ్ మా ఊరి ట్రాకు గ్యాలరీలో హాట్‌డాగ్ తింటూ నా పక్కనే కూర్చుంది. వచ్చే సీజనుకి ఆవిడకి ఒక్క డ్రైవరు కావాలి. కర్టిస్, లేదా డోనీ ప్రూట్. ఒకడు వర్జీనియా, కరోలినా ట్రాకులన్నీ చుట్టివస్తాడు. రెండోవాడు ఇక్కడే ఉండిపోతాడు.

ఇరవై ల్యాపులుండగా డోనీ ముందు, వాడి వెనకే కర్టిస్. మూడో మలుపులో కర్టిస్ బంపరు తగిలింది. డోనీ కారు బొంగరంలా తిరిగి ఆగింది. పసుపు జెండా లేచింది, కార్లన్నీ నెమ్మదించాయి.

మా ట్రాకులో ఇలా తగిలితే ఇద్దరూ వరస చివరికి పోవాలి. ‘తప్పు నాదే’ అని ఒకడు కారు పైకప్పు తడితే మాత్రం వాడొక్కడే పోతాడు, రెండోవాడి స్థానం వాడికి దక్కుతుంది.

నేను కర్టిస్‌తో మాట్లాడే రేడియోలో అరిచాను. “తట్టకురా! వాడూ నీతోపాటు చివరికే వస్తాడు!”

“బాబాయ్, కాసేపు ఊరుకో.”

కర్టిస్ కారు కిటికీకి అడ్డం కట్టిన వల దిగింది. చెయ్యి బయటికొచ్చింది. టప్, టప్, టప్.

“మీవాడికి పిచ్చా?” అంది ఓక్లీ మేడమ్.

“నిన్నటిదాకా లేదండీ.”

ఆకుపచ్చ జెండా ఊపారు, రేసు మళ్ళీ మొదలైంది. ఇంక నేను కూర్చోలేదు. అందరూ లోపలి గీత పట్టుకుని ఒకర్నొకరు నెట్టుకుంటుంటే, మావాడు గోడ పక్కన ఖాళీ దారి పట్టాడు. ఒకణ్ణి దాటాడు, ఇద్దర్ని దాటాడు, ఇంక లెక్క తప్పింది. గోడకీ వాడి కారుకీ మధ్య చెయ్యి పట్టదు. నా కాఫీ ముందు వరసలో ఎవరి టోపీ మీదో పడింది, ఆయన వెనక్కి తిరగనైనా లేదు. ఆఖరి ల్యాపులో మావాడు డోనీ వెనకకి చేరుకున్నాడు. మళ్ళీ గుద్దుతాడని డోనీ లోపలికి అడ్డం వచ్చాడు. కర్టిస్ బయటినుంచి దూకాడు. ముగింపు గీత దగ్గర కారు మూతంత తేడాతో డోనీ గెలిచాడు.

నా గొంతు పోయింది. ఆశా పోయింది.

ఓక్లీ మేడమ్ కిందికి దిగి కర్టిస్‌ని అడిగింది. “ఎందుకు తట్టావు?”

“తట్టకపోతే కోపంతో ఉన్న డోనీ వరస చివర నా పక్కనే ఉండేవాడండీ. నన్ను గోడకి గుద్దించేవాడు. ముందుంటే వాడి పని వాడు చూసుకుంటాడు. పైగా తగిలించింది నేనే.”

ఆవిడ వాడి కారు చుట్టూ తిరిగింది. గోడ పక్కనుంచి వచ్చిన కుడివైపు చిన్న గీత కూడా పడలేదు. “సోమవారం మా షెడ్డుకి రా.”

నేను మధ్యలో దూరాను. “మేడమ్, మీ బానెట్ మీద నా పేరు…”

“అది ఎప్పుడో అమ్ముడైపోయింది. వెనక బంపరే ఖాళీ.”

“అదే ఇవ్వండమ్మా! ఇంక అందరూ వాడి వెనకుండి చూసేది దాన్నే కదా!”