పసుపు నీళ్ళొచ్చిన కొళాయి

ఎండలు ముదిరేలోగా చేయాల్సిన పనులు:

వడపోత తొట్లలో పైపొర ఇసుక గీకించి, కడిగించి, మళ్ళీ పోయించడం.
బ్లీచింగు పౌడరును చెమ్మ తగలని గదిలోకి మార్పించడం.
కారుతున్న వీధి కొళాయిలకు కొత్త వాషర్లు వేయించడం.
కొళాయి దిమ్మెల కింద నిలిచే నీళ్ళను చిన్న కాలువలు తీయించి, అరటి పిలకలు నాటించి, వాటి మొదళ్ళకు మళ్ళించడం.
పెద్ద మురుగు కాలువలో పూడిక తీయించడం.
సుగుణమ్మగారి ఇంటి ముందు కదిలిన పైపు జాయింటు బాగుచేయించడం.

1957లో నంద్యాలలో నీళ్ళ సరఫరా సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో నేను పెట్టుకున్న పనులివి. మా ఇంట్లో బి.ఎస్సీ. దాకా చదివింది నేనొక్కడినే. మా నాయన మిషన్ కాంపౌండులో తోటపని చేసేవాడు. ఉద్యోగంలో చేరిన రోజున "జీతం తీసుకునే పని సరిగ్గా చెయ్యి నాయనా" అన్నాడు. మొదటి పనులన్నీ ఒకదాని వెంట ఒకటి అయిపోయాయి. చివరిది మాత్రం కదల్లేదు.

సుగుణమ్మగారిది ఊళ్ళో పాత కాపు కుటుంబం. ఆమె కూతురు కమలాక్షమ్మను ఆళ్ళగడ్డలో ఇచ్చారు. పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక, మూడో కాన్పుకు ఆమె పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, నిలబడింది. పురిటి స్నానం చేయించిన పొద్దునే, పత్తి బండ్ల బరువుకు ఇంటి ముందు భూమిలో పైపు జాయింటు కదిలి నీళ్ళు పైకి ఉబికాయి. సుగుణమ్మగారు వాటిని చూసి, "గంగమ్మ తల్లి నా మనవరాల్ని సూసేదానికి వచ్చిందే!" అని పసుపు కుంకుమ వేసి టెంకాయ కొట్టారు. మర్నాడు వీధంతా వచ్చి టెంకాయలు కొట్టింది. కొన్నాళ్ళకే గుంత చుట్టూ రాళ్ళు పేర్చి, సున్నం పూసి, వేపకొమ్మ నాటారు.

ఆ పైపు చివరన ఉన్నది మా పాలెం. అందరం క్రైస్తవులం. మా అమ్మ దేవమ్మ నీళ్ళు పట్టుకునేది ఆ వరసలో చిట్టచివరి కొళాయి దగ్గర. సుగుణమ్మగారి ఇంటి ముందు గంగమ్మ వెలిసినప్పటి నుంచి అక్కడ దారమంత ధార కూడా సరిగ్గా రావడం లేదు. ఆడవాళ్ళు కడవలెత్తుకుని మళ్ళీ కుందూ నది ఇసుకలో చెలమలు తోడుకోవడానికి పోతున్నారు.

ఫిట్టరు ఓబులేసు చాగలమర్రి మనిషి. పనిలో గట్టివాడు. గుంత దగ్గరికి వచ్చి గడ్డపార కింద పెట్టేశాడు.

"నేను ఎయ్యనప్పా. నాకు ఆడపిల్లలుండారు. నీకేం, మీ యేసుప్రభువు సూసుకుంటాడు, నువ్వే ఎయ్యి."

"నేను వేస్తే పాలెం పిల్లోడొచ్చి గంగమ్మను తవ్వినాడంటారు."

"అంటారు. అని ఊరుకోరు గూడా."

అందుకని ముందు సుగుణమ్మగారితోనే మాట్లాడదామని వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని మనవరాలికి నూనె రాస్తున్నారు.

"ఏమప్పా దేవమ్మ కొడుకా, మొక్కుకునేదానికి వచ్చినావా?"

"లేదమ్మా. ఇది ఊట కాదు. పైపు జాయింటు కదిలింది."

"పైపులో ఉండేదెవురు మరి? గంగమ్మ కాదా?"

చదివింది చదివినట్టు చెప్పాను. నీళ్ళు వదిలినంతసేపు ఇక్కడ పైకి ఉబుకుతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ ఈ గుంతలో నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే మురుగు కాలువ ఉంది, ఎండాకాలం వస్తోంది, కలరా రోజులు అన్నాను.

"బయటికొచ్చే నీళ్ళు కండ్లతో సూస్తాండాం. లోపలికి పోయేటివి నువ్వు యాడ సూసినావు?"

"చూడలేదమ్మా. చదువుకున్నాను."

"సూసినప్పుడు రా, మాట్లాడుకుందాం." అంతలోనే ఆమె గొంతు తగ్గించారు. "ఇద్దరు పోయినారప్పా. ఇదొక్కటి నిలబడింది. ఈ నీళ్ళు ఎండిపోతే నా పాణం తట్టుకోదు."

నేను వచ్చేశాను. పై అధికారికి రాసి పోలీసులను పెట్టించుకోవచ్చు. ఆ మాటే ఇంట్లో అంటే అమ్మ నా వైపు అదోలా చూసింది.

"పోలీసుల్ని నిలబెట్టి పట్టుకున్న నీళ్ళు తాగితే ఇముడుతాయా నాయనా? మనం ఆ ఈదిలోనే నడిచి పోవాల గదా."

తర్వాతి శుక్రవారం గుంత దగ్గర పెద్ద పూజ జరిగింది. చిన్న చెంబుతో కాదు, బిందెలతో పసుపునీళ్ళు పోశారు. దోసిళ్ళతో అక్షింతలు చల్లారు. మధ్యాహ్నం మామూలుగా వాల్వు కట్టేశాం.

శనివారం పొద్దున నేను, ఓబులేసు ఆ వీధిలో వేరే కొళాయి చూస్తుంటే, మా అమ్మ చంకన కడవతో గబగబా వచ్చి సుగుణమ్మగారి అరుగు ముందు నిలబడింది.

"అమ్మా సుగుణమ్మా, ఇదేందో జూడు!"

"ఏందే దేవమ్మా, పొద్దున్నే?"

"మా కొళాయిలో వచ్చినాయి. సూసుకోకుండా ఎసట్లో పోసినా. అన్నం పచ్చగా ఐపాయ. మా ఆయన 'ఏమే, పులిహోరనా, ఈ పొద్దు ఏం పండగ?' అంటాండాడు. ఇంక చింతపండు పిసికితే సరిపోతాదంట!"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సుగుణమ్మగారు నవ్వలేదు. కడవను ముందుకు వంపి చూశారు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అడుగున బియ్యపు గింజలు కనబడుతున్నాయి. ఆమె చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి అరచేతిలో వేసుకున్నారు.

"నేను సల్లిన అక్షింతలే ఇవి" అన్నారు నెమ్మదిగా.

'నేను చెప్పలేదా అమ్మా' అనే మాట నా నోటి దాకా వచ్చింది. మా అమ్మ కళ్ళతోనే నన్ను ఆపేసింది.

సుగుణమ్మగారు ఆ గింజలనే చూస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "అట్లయితే తల్లి ఈడ ఉండేదానికి రాలేదు. పసుపు రాయించుకోని, ఒడిలో బియ్యం పోయించుకోని పోతాండాది."

"యాడికిమ్మా?" అంది ఒకావిడ.

"ఆడబిడ్డ యాడికి పోతాది? పుట్టింట్లో నాల్గు దినాలుండి అత్తింటికే గదా."

ఆ మాటకు వాకిట్లో బిడ్డనెత్తుకుని నిలబడిన కమలాక్షమ్మ తల్లి వైపు చూసింది. ఆళ్ళగడ్డ నుంచి ఆమె భర్త పిలవడానికి వచ్చి ఉత్తచేతులతో తిరిగిపోయాడని వీధిలో అందరికీ తెలుసు. బిడ్డ కొంచెం గట్టిపడనీ అని సుగుణమ్మగారు పంపకుండా నెట్టుకొస్తున్నారు.

"అమ్మా, నేనూ అదే అడుగుతాండా" అంది కమలాక్షమ్మ.

సుగుణమ్మగారు కళ్ళు తుడుచుకుని నవ్వారు. "ఇద్దురూ ఒకేసారి పోతామంటే ఎట్లనే?" అని, నా వైపు తిరిగారు. "ఏమప్పా, నిజం చెప్పు. తవ్వితే నా మనవరాలికి ఏం కాదు గదా?"

"తవ్వకపోతే ఏమవుతుందోననే నా భయమమ్మా. ఈ పసుపు పోయిన దారిలోనే మురుగు కూడా పోతుంది. మీ ఇంటికి వచ్చేదీ ఈ పైపు నీళ్ళే."

"అయితే తవ్వు. ఊరికే కాదు, మర్యాదగా సాగనంపినంక."

మర్నాడు ఆదివారం. పాలెంలో ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుండగా తప్పెట వినబడింది. సుగుణమ్మగారు గుంతలోని నీళ్ళు రాగి బిందెలో నింపుకుని, వెనక వీధి ఆడవాళ్ళతో, పైపు పోయే దారి వెంబడి మా పాలెం వైపు నడిచి వస్తున్నారు. అంతకు ముందు ఆమె మా పాలెంలో అడుగుపెట్టింది లేదు.

మిషన్ బడి టీచరు లూదియా నా పక్కకు వచ్చింది. "మనమేం చెయ్యాల సుందరరాజూ? హారతులు ఇయ్యలేం గదా."

మా అమ్మ అందుకుంది. "ఇంటికొచ్చినోళ్ళకు ఏం చేస్తాం? కాళ్ళకు నీళ్ళిస్తాం, కూర్చోమంటాం. అదే చేద్దాం."

చెలమ నీళ్ళే కాళ్ళకిచ్చారు. మా ప్రార్థన గుడిలో బెంచీలు బయటికి తెచ్చి వేశారు. బెల్లమూ వేరుశనక్కాయలూ పెట్టారు. సుగుణమ్మగారు ఒక్క క్షణం ఆగి, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు. తర్వాత చివరి కొళాయి దగ్గరికి వెళ్ళి, బిందెలో నీళ్ళు పక్కనున్న అరటి పిలక మొదట్లో పోశారు.

"మా బిడ్డను మీ ఇంటికిస్తాండాం దేవమ్మా. కొళాయి వదిలేసి కార్పించొద్దండి. ఏడిపించినట్లుంటాది."

"మా ఇంటి కోడల్ని సుక్క గూడా కింద పోనియ్యం లేమ్మా. పోయినా అరటిచెట్టుకే పోతాది."

రెండు వీధుల ఆడవాళ్ళూ కలిసి నవ్వారు.

ఆ సాయంత్రమే ఓబులేసు వేపకొమ్మను మెల్లగా తీసి సుగుణమ్మగారి పెరట్లో నాటి వచ్చి, గడ్డపార పట్టాడు. జాయింటులో జనపనార దట్టించి, సీసం కరిగించి పోశాం. పైపంతా బ్లీచింగు నీళ్ళతో కడిగి వదిలేశాం. మర్నాడు చివరి కొళాయి తిప్పగానే ధార కడవ అడుగుకు తగిలి మోగింది.

"మందు వాసనొస్తాంది" అంది అమ్మ మొహం చిట్లించి. రెండో కడవ కూడా నిండే దాకా అక్కడి నుంచి కదల్లేదు మాత్రం.

ఆ వారంలోనే కమలాక్షమ్మ బిడ్డతో ఆళ్ళగడ్డ బస్సెక్కింది. సాగనంపడానికి ఆళ్ళగడ్డ దాకా వెళ్ళిన సుగుణమ్మగారు తిరిగొస్తూ దారిలో నన్ను చూసి, "నా బిడ్డా, మీ కోడలూ ఇద్దురూ సుఖంగా ఉండారప్పా" అన్నారు.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఈ వేసవిలో సుగుణమ్మగారు కాలం చేశారు. పాలెంలో ఆ కొళాయిని ఇప్పటికీ కోడలి కొళాయి అంటారు. అరటి గెలలు దిగుతున్నాయి. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు పేరెందుకు వచ్చిందో తెలియకుండానే దాన్ని బిగించి కట్టి పోతున్నారు. మీరెప్పుడైనా అటు వచ్చి అక్కడ నీళ్ళు తాగితే, కట్టేసే ముందు సుగుణమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. ఎవరూ లాక్కోకముందే, తన వాకిట్లో వెలిసిందనుకున్న దేవతను చివరింటి వాళ్ళకు తానే నడిచివచ్చి అప్పగించిన మనిషి ఆమె.