నువ్వుగింజంత గాయం

మురుగు కాలువలు కడిగే జెట్టింగ్ మెషీన్లకు విడిభాగాలు అమ్మే ఆ దుకాణంలో కౌంటరు చూసుకునేది చిట్టి. ముప్పై ఆరేళ్ళు వచ్చినా ఇంటా బయటా ఆ ముద్దుపేరే స్థిరపడిపోయింది. ఏ బండికి ఏ సైజు రబ్బరు రింగు పడుతుందో కేటలాగు తెరవకుండానే చెప్పేది. ఆర్నెల్లకోసారి మార్చవలసిన పంపు సీళ్ళు, రింగులు, ఫిల్టరు, చిన్న గ్రీజు ట్యూబు ఒక పెట్టెలో సర్దితే దాన్ని కిట్ అంటారు. ఆ పెట్టెలు సర్దేదీ ఆమే.

ఒకరోజు ఉదయం పదకొండు గంటల వేళ బావ వచ్చాడు. అక్క భర్త. పద్నాలుగేళ్ళుగా ఊరి మురుగు డిపోలో పెద్ద జెట్టింగ్ బండికి ఆపరేటరు. ఆ బండిని డిపోలో ఏనుగు అంటారు. దాని హోసు గొట్టాన్ని మ్యాన్‌హోల్ లోకి దింపి నడిపించేవాడు కాబట్టి ఆయన మావటి అయ్యాడు.

"మరదలా, ఏనుగు తొండానికి చిల్లు పడింది. కొత్త తొండం ఉందా, లేకపోతే నీ జడ కోసిస్తావా?"

"జడ ఇస్తే అక్క నీ జుట్టు పట్టుకుంటుంది" అంటూ చిట్టి హోస్ చుట్టల వైపు నడిచింది. ఎన్ని మీటర్లు కావాలని అడిగింది. ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించి తీరిగ్గా చెప్పుకొచ్చాడు. పొద్దున పని మొదలుపెట్టిన గంటకే నీటిలో ఊపు తగ్గిందట. ఎక్కడో సన్నగా తుంపర లేస్తోంది గానీ చిల్లు కంటికి ఆనలేదట. పంపు నడుస్తుండగానే హోసు పొడవునా చెయ్యి జరుపుకుంటూ పోయాడట.

"చేత్తో వెతికావా?"

"మరి కాలితో వెతుకుతారా? గ్లౌజు ఉందిలే. దొంగ వెంటనే దొరికాడు. గ్లౌజులోంచి వేలికి చురుక్కుమంది. దోమ కుట్టినంత."

చిట్టి చేతిలోని కొలత టేపు వదిలేసింది. వేలు చూపించమంది. ఆయన నవ్వుతూ కుడిచేతి చూపుడువేలు ముందుకు చాచాడు. వేలికొసన నువ్వుగింజంత మచ్చ. రక్తం లేదు. చుట్టూ చర్మం మాత్రం తెల్లగా, బాగా నానినట్టుగా ఉంది. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. వచ్చే దారిలో ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకుని తాగి వచ్చానన్నాడు.

అలాంటి మచ్చ గురించి ఆమె చదివి ఉంది.

సీళ్ళు తయారుచేసే కంపెనీ ప్రతి సెట్టుతోనూ అరచేయంత అట్టకార్డు ఒకటి పంపేది. కిట్‌లో పెట్టవలసిన కార్డు. మూడేళ్ళ కిందట ఓనరు కాస్త చిన్న పెట్టెలు తెప్పించాడు. కార్డు అడ్డొచ్చి మూత లేచిపోతుండేది. ఎవరు చదువుతారమ్మా, తీసేయ్ అన్నాడాయన. నిజమే, ఎవరు చదువుతారు అనుకుంది చిట్టి కూడా. కార్డుల వెనకవైపు తెల్లగా ఉండటంతో అయిపోయిన సరుకుల పేర్లు వాటి మీద రాసుకునేది. ఎవరో ఫోనులో ఉండమని చెప్పి పావుగంట మరిచిపోయినప్పుడు, ఏమీ తోచక, ఒక కార్డు ముందువైపు మొత్తం చదివింది.

ఇప్పుడు డ్రాయరు లాగి ఒకటి తీసి, గాయం గురించి ఉన్న భాగం బావకు గట్టిగా చదివి వినిపించింది. అధిక పీడనంతో వచ్చే నీరు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయి ఉండవచ్చు. పైగాయం ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ కార్డు డాక్టరుకు చూపాలి.

బావ పగలబడి నవ్వాడు. "అట్టముక్క మాట విని ఆసుపత్రికి పోతే డిపోలో నన్ను మావటి అనరు, మాలోకం అంటారు."

లోపలి గదిలోంచి ఓనరు తొంగి చూశాడు. సంగతి విని, సూది గుచ్చుకున్నంత దానికి ఇంత హడావిడా అన్నట్టు నొసలు ముడిచాడు. చిట్టి వాదన పెట్టుకోలేదు. హోసు తర్వాత ఇస్తానని, ముందు రమ్మని, బావ ఎడమ మోచెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించింది. కౌంటరు ఎవరు చూస్తారని ఓనరు వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు.

వీధి చివర చిన్న క్లినిక్ ఉంది. అక్కడి డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, ధనుర్వాతం రాకుండా సూదిమందు వేసి, మందు రాసి ప్లాస్టరు అంటించాడు. రెండు రోజుల తర్వాత కనబడమన్నాడు. బావ మరదలి వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆమె కార్డు తీసి డాక్టరు ముందు పెట్టింది.

ఆయన చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నీటి ఒత్తిడి ఎంత అని అడిగాడు. రెండు వందల బార్ అని చెప్పింది చిట్టి. అది అర్థమయ్యేలా చెప్పమన్నాడు. కారు టైర్లో ఉండే గాలికి ఎనభై తొంభై రెట్లు అంది.

డాక్టరు తానే ప్లాస్టరు ఊడదీశాడు. "నాకిది తెలియదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నేను ఇంటికి పంపేసేవాణ్ణి." పెద్దాసుపత్రికి స్వయంగా ఫోను చేసి, చేతి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉన్నదో లేదో కనుక్కుని, ఆటో పిలిపించి ఎక్కించాడు.

ఆటోలో బావ మొదట ఏదో జోకు వేయబోయాడు. సగంలో ఆపి వేలు వంచి చూసుకున్నాడు. వేలు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గంట కిందట టీ గ్లాసు పట్టిన వేలు అప్పటికే బిర్రుగా, వంకాయ రంగుకు తిరుగుతోంది. ఆయన దాన్ని ఎవరిదో వేలును చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత దారంతా మాట్లాడలేదు. అక్కకు పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో బావ అంతసేపు నోరు మూసుకుని ఉండటం చిట్టి ఎన్నడూ చూడలేదు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ వేలు చూడకముందే మూడు ప్రశ్నలు వేసింది. ఎన్ని గంటలకు, ఎంత ఒత్తిడి, ఏ నీళ్ళు. మొదటి రెండిటికీ చిట్టి జవాబు చెప్పింది. మూడోదానికి బావ తల దించుకుని చెప్పాడు. ఏనుగు కొత్తరకం బండి. మంచినీళ్ళు వృథా కాకుండా కాలువలోంచి లాగిన నీళ్ళనే వడగట్టి మళ్ళీ వాడుతుంది.

"అంటే మురుగునీళ్ళు" అంది డాక్టరమ్మ. వెంటనే థియేటరు సిద్ధం చేయమని నర్సుతో చెప్పింది.

అక్క వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తను పనిచేసే స్కూలు ఆఫీసు నుంచి అలాగే, మెడలో గుర్తింపు కార్డుతోనే వచ్చింది. అప్పటికే బావను లోపలికి తీసుకుపోయారు. వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆపరేషన్ ఏమిటని అడిగింది. చిట్టి తనకు తెలిసింది చెప్పింది. అక్కకు నమ్మకం కుదరలేదు. చెప్పిన చిట్టికే కుదరలేదు. ఆ మచ్చ అంత చిన్నది మరి.

రెండు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి వాళ్ళ పక్కనే కుర్చీలో కూర్చుంది. చూపుడువేలు కొస నుంచి మణికట్టు దాకా తెరవవలసి వచ్చిందని చెప్పింది. నీళ్ళు వేలిలోని నరాల వెంబడి దారి చేసుకుని మణికట్టు దగ్గరి దాకా పోయాయట. లోపల నల్లటి బురద. ఇసుక. ఒకచోట దారప్పోగులాంటి ప్లాస్టిక్ పీలిక.

"ప్లాస్టిక్కా?" అంది అక్క.

"మేమూ నమ్మలేకపోయాం. ఎంత కడగగలమో అంత కడిగాం. గాయం మూయలేదు, ఎల్లుండి మళ్ళీ కడగాలి. చెయ్యి దక్కుతుందనే అనుకుంటున్నా. వేలి సంగతి ఇప్పుడే చెప్పలేను. రేపు పొద్దున తీసుకొచ్చి ఉంటే మాత్రం నేను వేలి గురించి మాట్లాడేదాన్ని కాదు."

డాక్టరమ్మ వెళ్ళిపోయాక అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమే అంది. ఇంత సంగతి నీకెలా తెలిసింది అని అడిగింది.

చిట్టి దాచలేకపోయింది. కార్డు గురించి, చిన్న పెట్టెల గురించి, వెనకవైపు రాసుకున్న పేర్ల గురించి మొత్తం చెప్పింది.

"అయితే ఆ కార్డు మీ బావ బండిలో ఉండాల్సిందా?"

"ఉండాల్సిందే."

"అందులో చేత్తో వెతకొద్దని కూడా రాసి ఉందా?"

"మొదటి వాక్యమే అది."

అక్క తన చేతిని వెనక్కు తీసుకుంది. కోప్పడలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి అవతలి వరస కుర్చీల్లో కూర్చుంది. చెంప మీద కొట్టి ఉంటే చిట్టి తట్టుకునేది.

రెండోసారి కడిగారు. అయినా ఐదో రోజున చూపుడువేలిని సగానికి తీసేయక తప్పలేదు. చెయ్యి దక్కింది. బావ కట్టు కేసి చూసుకుని, పోనీలే, ఇక ఎవరినీ వేలెత్తి చూపించలేను అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఆరో రోజున చిట్టి దుకాణానికి వెళ్ళింది. డ్రాయర్లలో, అటక మీద ఉన్న కార్డులన్నీ తీసి ఓనరు టేబుల్ మీద కుప్పపోసింది. ఎవరెవరికి కిట్లు అమ్మామో వాళ్ళందరికీ ఫోను చేసి చెప్పాలి, చెయ్యనివ్వకపోతే మానేస్తాను అంది. ఓనరు చెడ్డవాడు కాదు. మావటి వేలు తీసేశారని విన్నప్పటి నుంచి ఆయనకూ అన్నం సయించడం లేదు. ఫోను ఆమె వైపు జరిపాడు.

మూడేళ్ళలో డెబ్బై మూడు డిపోలు. చాలామంది ఊఁ కొట్టారు. ఒకాయన కిట్టు మీద ఏమైనా తగ్గింపు ఉందా అని అడిగాడు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు ముప్పై ఎనిమిదో నంబరు కలిసింది. అవతల మేస్త్రీ ఎవరో పెద్దాయన. చిట్టి అప్పటికి నోటికి వచ్చేసిన మాటలన్నీ చెప్పింది. చిన్న మచ్చ, నొప్పి ఉండదు, రక్తం రాదు, కొన్ని గంటల్లోనే చెయ్యి వాస్తుంది.

లైను తెగిందేమో అనుకుని హలో అంది.

"ఉన్నానమ్మా" అన్నాడు మేస్త్రీ. "మా దగ్గర ఒక కుర్రాడికి అలాగే అయింది. రెండేళ్ళయింది. ఏ పురుగో కుట్టి ఉంటుందనుకున్నాం. మూడో రోజుకి మోచెయ్యి దాకా తీసేశారు."

లోపలి గది గుమ్మంలో ఓనరు నిలబడి ఉన్నాడు. స్పీకరులో అంతా వినబడింది. ఆయన వచ్చి పక్కనున్న హోస్ చుట్ట మీద కూర్చున్నాడు. ఆ డిపోకు కిట్టు ఎప్పుడు పంపారో పుస్తకంలో చూడవలసిన పని లేదు. ఇద్దరికీ తెలుసు. చిన్న పెట్టెలు వచ్చిన తర్వాతే.

ఆ మధ్యాహ్నం చిట్టి ఇంకో నంబరు నొక్కలేకపోయింది. మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి అక్క దుకాణం మెట్ల మీద కూర్చుని ఉంది. ఎవరు చెప్పారో ఏమో. లోపలికి వచ్చి రెండో ఫోను ముందు కుర్చీ లాక్కుని, ఏ నంబరు నుంచి మొదలుపెట్టాలి అని మాత్రం అడిగింది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి జాబితా ముగించారు.

బావకు కుట్లు విప్పిన వారానికి వాళ్ళు ఆ మేస్త్రీ ఊరు వెళ్ళారు. చిట్టి, బావ, ఓనరు. బావను రమ్మని ఎవరూ అనలేదు, నేనూ వస్తానన్నాడు. ఆ కుర్రాడికి ముప్పై ఏళ్ళ లోపే. డిపో గేటు దగ్గర బండ్ల రాకపోకలు రాసే పనిలో పెట్టారట. రెండు గదుల ఇంట్లో తల్లీ కొడుకూ ఉంటున్నారు. చొక్కా కుడి చెయ్యి మోచేతి పైకి మడిచి పిన్ను పెట్టి ఉంది.

చిట్టి కూర్చోకుండానే చెప్పింది. ఆ కార్డు మీ పెట్టెలో ఉండాల్సింది, నేనే తీసేశాను అని. తీసేయమన్నది నేను అన్నాడు ఓనరు. దీన్ని రాసి, సంతకం చేసి మీ డిపోకు ఇస్తాం, నష్టపరిహారం అడగడానికి పనికొస్తుంది, ఇలాంటి గాయం ఈ పనిలోనే తగులుతుందని ఈయనకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ కూడా రాసిచ్చింది అని కాగితాలు తీశాడు. కుర్రాడు వాటిని అందుకోలేదు. తిట్టనూ లేదు. ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగాడు. మేము కనుక్కున్నంతలో ఇంకెవరూ లేరు, అందరికీ చెప్పాం అంది చిట్టి.

అతను బావ చేతి వైపు చూశాడు.

"అన్నా, నిజం చెప్పు. మొదట్లో నీకు నొప్పి పుట్టిందా?"

"లేదు తమ్ముడూ. మధ్యాహ్నం దాకా ఏమీ తెలియలేదు."

"నేనూ అదే చెప్పా. ఎవరూ నమ్మలేదు. ఎక్కడో తాగి పడి దెబ్బ తగిలించుకుని దాచిపెట్టానన్నారు డిపోలో." గుమ్మంలో నిలబడి ఉన్న తల్లి వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా? నీ దగ్గర దాచలేదు."

ఆమె రెండేళ్ళుగా కొడుకును అదే మాట అడుగుతూ వచ్చిందట, నొప్పి పుట్టగానే నాకెందుకు చెప్పలేదురా అని. ఇప్పుడు వచ్చి కొడుకు పక్కన మంచం మీద కూర్చుంది. ఓనరు చాచిన కాగితాలను తనే అందుకుని, చదవడం రాకపోయినా ఒక్కొక్కటే తిప్పి చూడసాగింది.