చేతినిండా మాటలు

ఆయన్ని వీధంతా రేడియో అని పిలిచేది. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు గొంతు చించుకున్న మనిషి, ఇంటికొచ్చినా ఆపేవాడు కాదు. ఆ రేడియో వినబడనిది ఒక్క కూతురికే. పుట్టు చెవుడు. ఇరవై ఆరేళ్లలో ఆయన నేర్చుకున్న సైగలు రెండే: తిన్నావా, పడుకో.

మాటలన్నీ తల్లితోనే. బడిలో నేర్పిన సైగలు కొన్ని, తల్లీకూతుళ్లు కల్పించుకున్నవి కొన్ని, వాళ్ల చేతులకు రాని మాట లేదు. లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని ఆవిడ రావడమే ఆలస్యం, పిల్ల ఎదురుగా బైఠాయించేది. ఎవరి చొక్కా జేబులో ఎవరి ప్రేమలేఖ దొరికిందో, యజమాని ఎవరి మీద చిందులు తొక్కాడో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాల్సిందే. రేడియోను ఆయన ముందే ఏకిపారేసి ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వేవాడు, పాపం.

పోయిన ఏడాది ఆవిడ కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టింది. తర్వాత ఎడమది. సీసా మూత తిప్పాలన్నా, తలుపు గడియ తియ్యాలన్నా ప్రాణం పోయేది. కీళ్లవాతం, కీలు అరిగిపోయింది అన్నాడు డాక్టరు. బొటనవేళ్లు కదలకుండా పట్టీలు ఇచ్చి, "చేతులకి కాస్త విశ్రాంతి ఇవ్వండమ్మా" అని నవ్వాడు. పెద్ద చదువులు చదివినవాడే. కానీ ఇక నోరు మూసుకొమ్మని చెప్పానని ఆయనకేం తెలుసు?

ఆవిడ పట్టీలను బట్టల కింద దాచేసింది. తెలిస్తే ఆ పిల్ల ఇక ఏదీ అడగదు. అమ్మకు నొప్పి అని తన కబుర్లన్నీ కడుపులోనే పెట్టుకుంటుంది. ఆ భయానికే ఆవిడ బయటపడలేదు. ఉన్న సత్తువ సాయంత్రానికి మిగులుతుందని ఇస్త్రీ పని కూడా మానేసింది. నిజం తెలిసింది రేడియోకే. నోట్లో నువ్వుగింజ నానని ఆయన వీధంతా చెప్పుకొచ్చాడు. కూతురికి మాత్రం చెప్పడం రాదు. కాగితం మీద రాసి చూపిస్తానంటే ఆవిడ ఒట్టు వేయించుకుంది.

అయినా నొప్పి కనికరించలేదు. పది మాటలు చెప్పే చోట రెండు చెప్పింది, తర్వాత ఒకటి, చివరికి తల ఊపడమే మిగిలింది. ఫోన్లో రాద్దామన్నా ఆ పాడు బొటనవేలే కావాలి.

"నా మీద కోపమా?" అని అడిగేది కూతురు.

తల్లి తల అడ్డంగా ఊపేది.

"మరెందుకమ్మా ఇలా ముక్తసరిగా ఉంటున్నావ్?"

దానికి తల ఊపితే చాలదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల సంచి సర్దుకుంది. తను పనిచేసే ప్రెస్సులో తనలాంటి అమ్మాయిలు ముగ్గురు కలిసి గది తీసుకున్నారు.

"అక్కడందరూ నాతో మాట్లాడతారు. నాన్న ఎలాగూ మాట్లాడడు. ఇప్పుడు నువ్వూ మానేశావ్. ఈ ఇంట్లో నేనెవరి కోసం ఉండాలి?"

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. నొప్పి సంగతి, డాక్టరు మాట, దాచిన పట్టీలు, ఏడాదిగా దిగమింగుకున్నదంతా. నొప్పికి వేళ్లు మొరాయించాయి. సగం సైగలు వంకరపోయాయి. కళ్లనీళ్లు ధారగా కారుతున్నా ఆపలేదు. "కోపం కాదే నా తల్లీ, నీతో మాట్లాడకపోతే నాకు..." అంటుండగా కుడి బొటనవేలు అరచేతికి అతుక్కుపోయి మరి తెరుచుకోలేదు.

కూతురు సంచి వదిలేసింది. వెక్కివెక్కి ఏడుస్తూ తల్లి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, గుప్పిట్లో మూసేసి, గుండెకు హత్తుకుంది. ఇక వద్దమ్మా అన్నట్టు తల ఊపింది.

ఆవిడ చెప్పాల్సింది ఇంకా ఎంతో ఉంది. చేతులు లాక్కోబోయింది. పిల్ల వదల్లేదు. ఏ రోజు రాకూడదని ఏడాదంతా పళ్లబిగువున భరించిందో ఆ రోజు వచ్చేసిందని ఆవిడకు అర్థమైంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఇక ఏదీ అడగదు.

లోపలి గదిలోంచి వచ్చిన రేడియో వాళ్లిద్దరినీ చూసి ఆ గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"హమ్మయ్య" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నాళ్లకి తల్లీకూతుళ్లు మనసువిప్పి మాట్లాడుకుంటున్నారు."