లైన్లోనే ఉన్నాను

ఆ బల్ల పొద్దున ఎనిమిదిన్నర దాకా ఇస్త్రీకి, తొమ్మిది నుంచి ఉద్యోగానికి. ఇస్త్రీ దుప్పటి మడిచి మంచం మీద పడేసి, ఇంకా వేడి ఆరని చెక్క మీదే కంప్యూటర్ తెరిచి, హెడ్‌ఫోన్ తగిలించుకునేసరికి ఆమెకు సగం రోజు గడిచిపోయినట్టే ఉండేది. పడగ్గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఇరుకు చోటు అది. కుర్చీ కాస్త వెనక్కి జరిపితే మంచం కోడుకు తగులుతుంది. ఆ చోటు చూపించింది ఆయనే. హాల్లో పెడితే వచ్చేపోయేవాళ్ళకి బావుండదన్నాడు. కూర్చుని మాట్లాడటమే కదా, ఎక్కడైతేనేం అని కూడా అన్నాడు.

కంటి ఆసుపత్రి తరఫున ఫోన్లు చేయడం ఆమె పని. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళ జాబితా పొద్దున్నే తెర మీదికి వచ్చేది. నంబరు కంప్యూటరే కలిపేది. అవతల ఎత్తగానే తెర మూలన చిన్న ఎర్రచుక్క వెలిగేది. మాటలు రికార్డవుతున్నాయని దానర్థం. చుక్కల మందు వేళకు వేసుకుంటున్నారా, కన్ను నలుపుకోవడం లేదు కదా, వంగి పనులు చేయకండి, బరువులెత్తకండి, కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకండి, ఇంటి పని ఇంట్లోవాళ్ళని చూసుకోమనండి. రోజుకు డెబ్బై ఎనభై మందికి ఇవే మాటలు. మగవాళ్ళు సరేనమ్మా అనేవాళ్ళు. ఆడవాళ్ళలో చాలామంది నవ్వేవాళ్ళు. ఎవరిని చూసుకోమనాలో ఆ పేరు కూడా నువ్వే చెప్పు తల్లీ అని ఒకావిడ అడిగింది. ఆ ప్రశ్నకు ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన కాగితంలో జవాబు లేదు.

పనిలో ఆమెకు మంచి పేరుండేది. చెవుడున్నవాళ్ళూ చాదస్తులూ ఆమె జాబితాకే వచ్చేవాళ్ళు. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పినా ఆమె గొంతులో విసుగు వినపడేది కాదు.

ఆయన బడిలో లెక్కల మాస్టారు. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా చెప్పుకుంటుంది. ఇంట్లోనూ ఆయన అరిచిన రోజు లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అరిస్తే పక్కింటివాళ్ళకైనా వినపడేది, పుట్టింట్లోనైనా చెప్పుకునేది. పాఠం రాని పిల్లకి పదోసారి చెబుతున్నట్టు ఆయన నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పేవాడు. "నీలం రంగు ఫైలు. ఎక్కడ పెట్టావని. అడిగాను. అంతే. ఇందులో అర్థం కానిదేముంది?" ఎవరికైనా చెబితే ఇందులో తప్పేముందమ్మా అంటారు. ఆమె చెల్లెలు ఒకసారి ఆ మాటే అంది కూడా.

ఆమె ఇంటిపట్టునే ఉంటుంది కాబట్టి తలుపు కొడితే తీయడం, అత్తగారి మాత్రలు, నీళ్ళు వచ్చే వేళ, ఎనిమిదేళ్ళ కూతురు బడి నుంచి రాగానే దాని ఆకలి, అన్నీ ఆ ఫోన్ల మధ్యలోనే జరిగిపోవాలి. దానికోసం ఆమె ఒక కిటుకు నేర్చుకుంది. ఎవరైనా గదిలోకి వస్తున్న అలికిడి కాగానే వేలు దానంతటదే మ్యూట్ మీటను వెతుక్కునేది. అది నొక్కితే అవతలివాళ్ళకి ఇటు మాటలు వినపడవు. ఇటు ఏదో ఒకటి సర్దిచెప్పి, మళ్ళీ నొక్కి, "ఆ, చెప్పండమ్మా" అనేది. మూడేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదనే అనుకుంది.

ఒక గురువారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ మేడమ్ ఫోన్ చేసింది. పట్టుమని పాతికేళ్ళు దాటని పిల్ల, మాట మాత్రం పెద్దరికంగా ఉంటుంది. "మీ కాల్స్‌లో ఇంటి చప్పుళ్ళు చాలా వస్తున్నాయండి. మూడు పంపిస్తున్నాను. మీరే విని, సాయంత్రంలోగా సంజాయిషీ రాయండి" అంది. చప్పుడైతే తను మ్యూట్ చేస్తానని ఆమె చెప్పుకుంది.  మేడమ్ కొంచెం గొంతు తగ్గించి, "మ్యూట్ చేస్తే వాళ్ళకి వినపడదంతే. మీ వైపు మాటలు రికార్డవుతూనే ఉంటాయి. మీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది.

ఫోన్ పెట్టేశాక ఆమె లెక్కేసుకుంది. మూడేళ్ళ మాటలు. ఎక్కడో ఒక గదిలో, వరసగా, తేదీలతో సహా. తలుపు దగ్గరికి వేసి వచ్చి మొదటిది నొక్కింది.

అందులో ఏమీ లేదు. కుక్కర్ కూత, అత్తగారి దగ్గు, నీళ్ళు పట్టావా అన్న కేక. ఆమెకు ఊపిరి వచ్చింది. ఇంతేనా అనుకుంది.

రెండోది ఒక ఆదివారానిది. ఆదివారాలు కూడా ఆమె సగం రోజు చేసేది. హాల్లో ఆయన స్నేహితులు ఎవరో ఉన్నారు. గది తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటే ఆయన గొంతు. "మా ఆవిడకి రోజంతా వాగినందుకు జీతమిస్తున్నారండీ. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలిసుంటే తన తరఫున నేనే దరఖాస్తు పెట్టేవాణ్ణి." నవ్వులు. ఆ మాట ఆమెకు గుర్తే ఉంది. అలాంటివి వంద ఉంటాయి, ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేది. కానీ ఆ నవ్వుల్లో ఒక ఆడ నవ్వు కూడా వినపడింది. ఎవరిదా అని వెనక్కి జరిపి మళ్ళీ వింది. తనదే. అందరికన్నా ముందు మొదలై అందరికన్నా చివర ఆగింది. ఆ తర్వాత, "టీ తెస్తానండీ, రెండు నిమిషాలు" అనడం, మీట చప్పుడు, వెంటనే నిండుగా, నిబ్బరంగా ఇంకో గొంతు, "చెప్పండి బాబాయిగారూ, కన్ను ఎర్రబడటం తగ్గిందా?" రెండు గొంతులూ ఒకే మనిషివంటే ఎవరూ నమ్మరు. టీ తెస్తానన్న గొంతు సన్నగా, ఎవరి ఇంట్లోనో మెసలుకుంటున్న మనిషి గొంతులా ఉంది. అది తనదని తెలియక ఇన్నాళ్ళు ఎలా గడిచిందో ఆమెకు అర్థం కాలేదు.

మూడోది వినకుండానే సంజాయిషీ రాసేద్దామనుకుంది. రాయడం మొదలుపెట్టింది కూడా. 'ఇంట్లో చప్పుళ్ళ వల్ల కలిగిన అసౌకర్యానికి మన్నించగలరు. పొరపాటు నాదే. ఇకమీదట' దాకా వచ్చి ఆగింది. విన్నానని రాయాలి కదా, వినకుండా ఎలా రాయడమని మూడోది నొక్కింది.

అవతల ఒక పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. బట్టలు కుట్టి బతికిన మనిషట. సూదిలో దారం ఎప్పటి నుంచి ఎక్కించుకోవచ్చో అదొక్కటీ చెప్పమ్మా అని నాలుగోసారి అడుగుతోంది. ఈమె నాలుగోసారీ ఓపిగ్గా చెబుతోంది. అంతలో ఇటు తలుపు చప్పుడు. మీట చప్పుడు. కానీ వేలు తొందరలో సరిగ్గా పడలేదు. అది మ్యూట్ కాలేదు.

"ముందు ఆ చెవులవి తియ్యి. నేను మాట్లాడుతున్నప్పుడు." ఆయన గొంతు. తర్వాత హెడ్‌ఫోన్ మెడ మీదికి జారిన గరగర. "కూర్చుని మాట్లాడటం తప్ప నీకు ఇంకో పని పెట్టామా? అమ్మకి మధ్యాహ్నం మాత్ర వెయ్యలేదు. ఒక్క మాత్ర. పెద్ద చదువులేం అక్కర్లేదు దీనికి. గోడ మీద కాగితం కూడా అంటించాను నీకోసం. చదవడం మర్చిపోలేదు కదా?" వేశానండీ, రెండింటికే వేశాను, ఆవిడ మర్చిపోయి ఉంటారని ఈమె అంటోంది, కానీ ఒక్క వాక్యమూ చివరిదాకా వెళ్ళడం లేదు. ఆఖరికి, "సరేనండీ, తప్పయిపోయింది, మళ్ళీ చూస్తాను" అంది. వేసిన మాత్రకి తప్పయిపోయిందని అంది. అప్పుడు తలుపు దగ్గర నుంచి చిన్న గొంతొకటి, అచ్చం ఆయన తూకంతోనే, ఒక్కో మాటా విడదీసి, "అమ్మా. నీకు. ఒక్కటీ. గుర్తుండదు" అంది. ఆయన మురిపెంగా నవ్వాడు.

ఆమె చెయ్యి ఆపేయబోయింది. అయితే ఆ మాటల కింద ఇంకో గొంతు సన్నగా నడుస్తోంది. ఆ రోజు హెడ్‌ఫోన్ మెడలో ఉంది, అందుకే వినపడలేదు. శబ్దం పెంచి, వెనక్కి జరిపి, రెండు చేతులతో చెవులు అదుముకుని మళ్ళీ వింది.

"అమ్మా... అమ్మా, వినపడుతోందా?" కాసేపు ఏమీ లేదు. "నేను లైన్లోనే ఉన్నానులే. పెట్టెయ్యను. పరాయివాళ్ళు వింటున్నారంటే కాస్త తగ్గుతారేమో." ఇటు ఆయన కాగితం గురించి చెబుతూనే ఉన్నాడు. అటు ఆవిడ ఇంక ఈమెతో కాకుండా తనలో తను చెప్పుకుంటున్నట్టుగా అంది, "మా ఆయనా ఇంతే. పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ తలుపు చప్పుడైతే లేచి నిలబడతాను. కూర్చోవే, ఎవరూ లేరని నాకు నేనే చెప్పుకోవాలి."

తర్వాత హెడ్‌ఫోన్ మళ్ళీ పైకి వచ్చిన గరగర. మీట చప్పుడు రాలేదు, ఆ కంగారులో మళ్ళీ నొక్కడమే మర్చిపోయింది. నిబ్బరమైన గొంతు. "క్షమించండమ్మా, మధ్యలో సిగ్నల్ పోయింది." అవతల ఒక క్షణం ఆగి, "అవునమ్మా. సిగ్నల్ పోయింది. పరవాలేదు, దారం సంగతి చెబుతున్నావు" అంది పెద్దావిడ.

ఆ సిగ్నల్ మాట ఆమెకు బాగా గుర్తు. గండం గడిచిందని ఆ రోజు ఎంత సంబరపడిందో కూడా గుర్తే. అంతా విని, ఏమీ విననట్టు, తన పరువును చీర కొంగులా సర్ది చేతికిచ్చిన మనిషికి అయిదోసారి దారం సంగతి చెప్పి, మాట్లాడటం పూర్తయిందని గుర్తు పెట్టి, తర్వాతి నంబరుకు వెళ్ళిపోయింది.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. డెబ్బై ఏళ్ళు వచ్చాక, ఆయనే లేని ఇంట్లో, తలుపు చప్పుడుకు లేచి నిలబడే తను కనపడింది. ఆ పక్కనే కూతురు కనపడింది. అది ఆయన తూకం ఎత్తుకుంది. కానీ రేపు దానికీ ఒక ఇల్లు వస్తుంది, అక్కడ ఎవరి గొంతు ఎత్తుకోవాలో మాత్రం దానికి నేర్పేది తనే. తప్పయిపోయిందండీ అన్న గొంతు తప్ప ఇంట్లో దానికి వినపడే ఇంకో ఆడ గొంతు ఏది?

రాసినదంతా చెరిపేసింది. పొరపాటు అన్న మాట చెరిపేటప్పుడు వేలు కాసేపు ఆగింది, అలవాటు కదా. మళ్ళీ రాసింది. 'మూడు కాల్సూ విన్నాను. ఆ చప్పుళ్ళు నేను చేసినవి కావు, నేను ఆపగలిగినవీ కావు. ఇంట్లో నా పనికి చోటు లేదు. సోమవారం నుంచి ఆఫీసుకే వచ్చి చేస్తాను. నాకొక కుర్చీ ఇప్పించండి.' మళ్ళీ చదువుకుంటే మనసు మారుతుందని చదవకుండానే పంపేసింది. పావుగంటలో జవాబు వచ్చింది. కిటికీ పక్కన ఒకటి ఖాళీగా ఉంది, తొమ్మిదికల్లా రండి అని.

ముందు అత్తగారికి చెప్పింది. ఆవిడ మంచం మీద మోకాళ్ళకు మందు రాసుకుంటోంది. మరి నా మాత్రలు ఎవరిస్తారు అంది. వేళల వారీగా డబ్బాలో సర్ది వెళ్తాను, వేసుకోవడం మీకు వచ్చు అత్తయ్యా, రెండింటిదీ వేసుకున్నారా లేదా అన్నది కూడా ఇంక మీరే గుర్తుంచుకోవాలి అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలినట్టుంది. ఆవిడ తలెత్తలేదు. మందు రాసుకుంటూనే, "ఆ ఆఫీసుకి బస్సులో దూరమేనా?" అని మాత్రం అడిగింది.

ఆయన బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాక చెప్పింది. సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్తున్నానంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాఠం మొదలుపెట్టబోయే ముందు బడిలోనూ అలాగే చేస్తాడట. "చూడు. రెండు బస్సులు మారాలి. అమ్మ ఒక్కతే ఉంటుంది. పిల్ల నాలుగింటికి వస్తుంది. ఈ మూడింటికీ నువ్వు ఏం జవాబు చెబుతావో చెప్పు. తర్వాత మాట్లాడుకుందాం."

"నాలుగింటికి మీ బడి కూడా వదిలేస్తారు" అంది.

ఆయన ఆ మాట వినపడనట్టే ఉండి, అసలు ఇప్పుడు ఏం కొంప మునిగిందని అడిగాడు. అప్పుడు ఆమె దాచకుండా చెప్పింది. ఫోన్లలో ఇంటి మాటలు వస్తున్నాయట. మ్యూట్ చేసినా ఇటువైపువి రికార్డవుతాయట. మూడేళ్ళ నుంచీ ఉన్నాయట. ఆఫీసువాళ్ళు మూడు పంపించారు.

కళ్ళజోడు తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆయన మొహంలో మొదటిసారి తొందర కనపడింది. ఏం మాట్లాడానని అడగలేదు. అలా అన్నానా అని అడగలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"చెరిపేయమని చెప్పు. అర్థమైందా? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. బడిలో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఇంకా దగ్గరికి వచ్చాడు. "ఎవరెవరు విన్నారవి?"

తలుపు పక్కన కూతురు పుస్తకం పట్టుకుని నిలబడి, ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె దాన్ని రమ్మని చెయ్యి చాపింది. అది వచ్చి పక్కన నిలబడేదాకా ఆగింది. పెద్దావిడకు దారం సంగతి చెప్పిన గొంతుతో, అంత నిండుగా, అంత నిదానంగా చెప్పింది.

"నేను విన్నాను."