బుచ్చవ్వ మండువ

కల్లు మండువలో ఒక్కరూ లేరు. సాయిలు చెప్పులు విడిచి లోపలికి నడుస్తున్నాడు గాని ఎంత నడిచినా గడప వెనక్కి పోవడం లేదు, తాటాకు కప్పు కాసేపు ఎత్తుకు పోతోంది, కాసేపు నెత్తికి తగిలేంతగా దిగుతోంది, ఏనాడో కొట్టేసిన ఈత చెట్లు మట్టిగోడలో నుంచే మొలిచి నిలబడి ఉన్నాయి. వాటి నడుమ పీట మీద కూర్చుని అక్క బుచ్చవ్వ కల్లు వడగడుతోంది. ఆమె పోయి నాలుగు నెలలైందని సాయిలుకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టే ఉంది.

"తిన్నవా తమ్మీ?"

"తిన్ననక్కా."

తినలేదు. కలలో కూడా నోట మొదట అబద్ధమే వచ్చిందని అతనికి సిగ్గేస్తుంది.

మొగుడు తాడి మీది నుంచి పడి పోయాక పుట్టింటికి వచ్చిన బుచ్చవ్వ, తండ్రి పేర ఉన్న ఈ జాగలో నాలుగు గుంజలు పాతి, తాగి నోరు పారేసుకునే వాళ్లను ఒక్క చూపుతో కూర్చోబెడుతూ ముప్పై ఏళ్లు మండువ నడిపింది. సాయిలు పెళ్లి ఈ కల్లుతోనే అయింది. కాగితాల్లో మాత్రం ఆమె పేరు ఏనాడూ ఎక్కలేదు, ఎక్కించమని ఆమె అడగనూ లేదు.

"అండాలు ఏది? కానొస్తలేదు."

మొగుడు వదిలేస్తే ఇరవై ఏళ్ల కింద ఇక్కడికి వచ్చి, కుండలు కడుగుతూ బుచ్చవ్వకు బిడ్డలా ఉండిపోయిన మనిషి అండాలు. అక్క మంచాన పడ్డ ఆరు నెలలూ ఎత్తి కూర్చోబెట్టి గంజి తాగించింది ఆమే.

"బయటికి పోయింది. వస్తది," అంటాడు సాయిలు.

అంటూండగానే పీట పొడుగ్గా సాగి రిజిస్ట్రేషన్ ఆఫీసు బెంచీ అవుతుంది, జనం ముంతలు పట్టుకుని వరుసలో నిలబడతారు, బల్ల వెనక కూర్చున్న గుమాస్తాకు తమ తండ్రి ముఖం ఉంటుంది. "వారసులెవలు?" అని ఆయన అడిగితే సాయిలు చెయ్యి దానంతట అదే లేస్తుంది. వెనక్కి చూస్తే వరుస చివర అక్క, కొంగు నెత్తిన కప్పుకుని, ఒద్దికగా.

"నా పేరు గూడ పిలుస్తరా తమ్మీ?"

"ఈ కాయితంల నీ పేరు లేదక్కా."

"అవ్ గద, మర్శిన," అని ఆమె నవ్వుతుంది. ఆ నవ్వుకు సాయిలు తల పాతాళానికి పోతుంది.

తల ఎత్తేసరికి జనం లేరు, మంచం ఉంది, అది ఆ రోజు మంచమే. అక్క లేచి కూర్చుని అతని ముఖంలోకి చూస్తోంది.

"నేను పోయే దినం నీతోని ఏం చెప్పిన?"

"మండువ..."

"ఊఁ."

"మండువ మంచిగ చూసుకొమ్మన్నవ్."

"గంతేనా?"

అండాలుకియ్యమన్నవ్ అని చెప్పాలి. ఆ ఒక్క మాటా గొంతులోనే ఉంది. నోరు తెరిస్తే వేరే మాటలు పడుతున్నాయి. "రోడ్డు పక్క జాగ గదక్కా, మంచి ధర వచ్చింది. వైన్స్ పెడ్తరట." చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాడు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

ఆమె తిడితే బాగుండును. దుమ్మెత్తి పోస్తే ఊపిరి ఆడును. ఆమె పక్కనున్న కుండలో చెయ్యి ముంచి, ఆ తడి చేత్తోనే అతని మణికట్టు పట్టుకుని, "పానం మంచిగున్నదా నీకు?" అని అడుగుతోంది. సాయిలు చెయ్యి గుంజుకుంటున్నాడు, రావడం లేదు.

"మామా! ఓ మామా!"

కళ్లు తెరిచాడు. తన ఇంటి అరుగు, నులక మంచం, సాయంత్రపు ఎండ. ఎదురుగా అండాలు, చంకన బట్టల మూట.

"కుండలన్ని కడిగి పక్కకు బోర్లించిన మామా. రేపు కూలగొడ్తరట గద, పల్గుతయని. ఇగో, తాళంచెవి."

సాయిలుకు ఇంకా నిద్ర పూర్తిగా వదలలేదేమో, కలలో పెగలని మాట ఇప్పుడు వచ్చేసింది. "అండాలూ, అక్క అది నీకియ్యమన్నది. నేనే దాసిన."

ఆమె కాసేపు మూట సర్దుకుంది.

"నాకెరుకే మామా. ఆ దినం గంజి పట్టుకొని తలుపు కాడ్నే ఉన్న."

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

"నీ అంతల నువ్వే చెప్తవని సూసిన. అమ్మినంక ఇగ ఏమడుగుదు?"

తాళంచెవి అతని చేతిలో పెట్టింది. చెల్లెలుందని ఆర్మూరు పోతున్నానని చెప్పి, మెట్లు దిగి, వెనక్కి చూడకుండా బస్సుల దిక్కు నడిచింది.

కుండలు కడిగిన చేతుల తడి ఇనుముకు అంటుకునే ఉంది. ఒక చుక్క జారి అతని మణికట్టు మీదికి చేరింది.